తెంపని ఆకు

మాది మగ్గాలోళ్లుండే దాజీ పేట్. నూలు మా చేతులల్లనే తిరిగేది గని, పత్తి చెట్టు ఎట్లుంటదో నేను ఎన్నడు చూడలె. నా బిడ్డ కాలేజి పనికని స్లాబు మీద పాత నూనె డబ్బాలల్ల పత్తి పెట్టినంకనే చూసిన. మా ఆయన పోయినంక ఇంట్ల ముగ్గురమే: నేను, మా అత్త, నా బిడ్డ. అత్త, నేను బీడీలు చుడ్తుంటిమి.

ఒక్కో డబ్బాకు ఒక్కో తీరు ఎరువేసింది. ఏ ఎరువుకు ఆకు ఎంత పచ్చవడ్తదో చూడాలె. అది చూపియ్యకుంటె ఆ ఏడు పాస్ గాదు. సార్ ఓ మిషిన్ ఇచ్చిండు, బట్టల క్లిప్పు లెక్కుంటది. ఆకును పట్టి నొక్కితె దాంట్లకెళ్లి ఎలుగు పోయి, పచ్చదనం ఎంతున్నదో అంకె పడ్తది. మునుపు ఆకు తెంపి నూరాల్నట. దీనితోని ఆకుకు గీత గూడ పడది, మళ్ల ఐతారం అదే ఆకును చూడొచ్చు. గుర్తుకు ఆ ఆకుల తొడిమెలకు మగ్గం మీది ఎర్రపోగు కట్టింది.

ఓ ఐతారం ఎండ మస్తున్నది. అత్త పైకి పోయి, ఎర్రపోగున్న ఆకులు తెంపి, బీడీల తునికాకు లెక్క తడిబట్టల చుట్టి, శాటల పెట్టి తెచ్చింది.

"ఇగో బిడ్డా, ఎండల పోకు. కూసున్న కాన్నే కొల్సుకో."

నా బిడ్డ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "నాయినమ్మా, చెట్టు మీదున్న ఆకునే చూడాల్నే! మిషిన్ వాపస్ ఇయ్యాలె, మళ్ల మొదట్నుంచి చేసే టైము లేదు."

"తెంపకుంట ఆకును ఎట్ల చూస్తరే? సర్కస్ చేస్తున్నవా?" అన్నది అత్త. గని గొంతు సన్నవడ్డది.

నేను పైకి పోయి చూసిన, ఎన్కనే వాళ్లిద్దరు వచ్చిండ్రు. డబ్బాకొకటో రెండో పోగున్న ఆకులు మిగిలినయ్.

"ఇవెందుకు ఇడ్సినవత్తా?"

"పురుగు తిన్నయి. చిల్లులాకు దేనికొస్తదే?"

బీడీ చేతులు మరి, చిల్లున్న ఆకును ముట్టయి! ఏడ్సుకుంటనే నవ్వింది నా బిడ్డ. చిల్లు లేని తావున మిషిన్ పెట్టి నొక్కింది. అంకె పడ్డది. "గివి చాలు నాయినమ్మా, ఎల్లిపోతది."

ఇగ అప్పట్నుంచి అత్త బీడీల శాట పట్టుకొని డబ్బాల కాన్నే కూసునేది. పతంగికని పోరగాండ్లొస్తె, "ఏయ్, చల్! ఆకు ముడితె చేతులిరుస్త!" అని ఒర్రేది.

"తెంపిందెవరో?" అని నేనంటె, "నీ నోరు ముయ్యవే" అనేది.

ఆఖరి ఐతారం నా బిడ్డ మిషిన్ అత్త చేతికిచ్చింది. అత్త ఊపిరి బిగవట్టి నొక్కింది.

"ఎంతొచ్చిందే?"

"పోయిన వారం కంటె పెరిగింది నాయినమ్మా."

మిషిన్ కాలేజికి వాపస్ పోయింది, నా బిడ్డ పాసయింది. ఎర్రపోగులు నేను ఇప్పుతనంటె మాత్రం అత్త ఇప్పనియ్యలె.