నాలుగు హార్న్‌లు

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం, బాగుచేయించిన ఆంప్లిఫయర్‌ను ఒళ్లో పెట్టుకుని వరంగల్ నుంచి నర్సంపేట బస్సులో వస్తున్నాను. సువార్త సభల్లో అది రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ మైకు చూసింది మా సంఘపు సహోదరుడు ఏసుపాదమే. అతనిలో దాచిన పాపమేదో ఉందని సంఘపెద్దగా నేనే చెప్పి, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకు అతన్ని దూరం పెట్టించాను.

పక్కన కూర్చున్నాయన జాతరలకు మైకుసెట్టు కడతాడట. నా చేతిలో బైబిలు చూసి అడిగాడు.

“అయ్యగారూ, దీనికి ఎన్ని హార్న్‌లు కడ్తరు?”

“మొదట రెండు స్పీకర్లే. ఇప్పుడు నాలుగు.”

“నాలుగూ ఒక్క వైరు మీదనే పక్కపక్కన కలుపుతాండ్రా?”

అవునన్నాను.

“ఇగ కాలదా మరి! నాలుగు ఓమ్‌ల కంటే తగ్గొద్దని దీని ఎనకనే రాసున్నది. ఒక్కో హార్న్ ఎనిమిది ఓమ్‌లు, నాలుగు పక్కపక్కన కలిపితే రెండు ఓమ్‌లకు దిగుతది, మిషన్ మీద బరువు పెరుగుతది.”

మూత మీది దుమ్ములో వేలితో గీశాడు. “రెండేసి హార్న్‌లు ఒకదాని ఎనక ఒకటి కలిపి, ఆ రెండు జతలను పక్కపక్కన కట్టుర్రి. ఎనిమిది ఓమ్‌లైతది, ఫికర్ లేదు. గని నాలుగు కట్టుమన్నదెవలు?”

“నేనే.”

“మరి కట్టినోన్ని తిట్టిండ్రా ఏంది?” అని నవ్వాడు.

నర్సంపేటలో దిగి మందిరానికి పోలేదు. పెట్టె మోసుకుని నేరుగా ఏసుపాదం ఇంటికి పోయాను. అతను తలుపు తీసి, నన్ను కాదు, పెట్టెను చూశాడు.

“మళ్ల కాలిందా అయ్యగారూ? ఈసారి నేను ముట్టలే.”