నూనె తగలని రాయి

మా జియాలజీ మేడమ్ పోయారు. పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే నరసరావుపేట నుంచి వాళ్లాయన ఫోన్ చేశారు. ఆయన్ని మేమంతా బాబాయి గారనే పిలుస్తాం. "మీ మేడమ్ నిద్దర్లోనే ఎల్లిపోయిందమ్మా," అన్నారు. మళ్లీ ఆయనే, "రాయి మాత్రం జాగర్తగానే ఉందిలే," అన్నారు. ఏడుస్తూనే నవ్వాను. ఆ రాయి సంగతి వింటే మీకూ నవ్వొస్తుంది.

డిగ్రీలో ఆవిడ మొదటి క్లాసు నాకింకా గుర్తు. "మీ ఇళ్లల్లో నాపరాళ్లు పరిచారా?" అని అడిగారు. అందరం చేతులెత్తాం. మాచర్ల వైపు పిల్లలం, నాపరాయి లేని ఇల్లు మాకెక్కడిది? "అయితే మీరు రోజూ ఒకప్పటి సముద్రం అడుగున కూర్చుని అన్నం తింటున్నారు. ఆ సముద్రం ఎంత పాతదో నాకూ సరిగ్గా తెలీదు. తెలుసుకుందాం రండి," అన్నారు. పాఠం చెప్పే మనిషి తెలీదనడం అంతకుముందు వినలేదు. ఆ క్షణానే ఆవిడ నాకు నచ్చేశారు.

మా రాళ్లలో ఎముకలూ గవ్వలూ దొరకవు. ఉన్నవల్లా కంటికి ఆనని జీవులు. నల్లరాతి ముక్కను యాసిడ్‌లో కరిగిస్తే అడుగున కాస్త మడ్డి మిగులుతుంది. దాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే ఆ జీవుల పొరలు తేనెరంగులో, గుండ్రంగా కనిపిస్తాయి. ఏ కాలంలో ఏ ఆకారం ఉండేదో పోల్చి చూడాలి, అదొక సాక్షి. వాటి ఒంట్లో ఉండే కొవ్వు ఆనవాళ్లు రాతిలో ఇంకా మిగిలుంటాయి, అది రెండో సాక్షి. సముద్రం వయసు గురించి రెండూ ఒకే మాట చెప్తేనే నమ్మాలనేవారు మేడమ్. కోర్టులో గుమాస్తాగా చేసిన బాబాయి గారికి ఇది భలే సరదా. "మా కోర్టు వాయిదాలన్నా తెములుతయ్యి గానీ మీ మేడమ్ కేసు తెమలదు," అనేవారు.

రెండో సాక్షితోనే చిక్కు. మన చేతి జిడ్డు తగిలినా దాని మాట మారిపోతుంది. అందుకే రాళ్లకు వెళ్లే రోజు ఎవరూ తలకు నూనె రాయకూడదు, బాక్సులో పచ్చడి పెట్టుకోకూడదు. పెరుగన్నం, పచ్చిమిరపకాయ, అంతే. నేను మొదటిసారి తళతళలాడే జడతో, గోంగూర పచ్చడితో దిగాను. "ఏమే, రాళ్లకొచ్చావా, పేరంటానికొచ్చావా? ఆ చెట్టు కింద కూర్చుని ముక్కల పేర్లు చీటీల మీద రాయి. పెన్సిల్‌తోనే రాయి, ఇంకు అంటితే అదీ జిడ్డే," అన్నారు. ఆ రోజంతా రాయి ముట్టనివ్వలేదు. సాయంత్రం మాత్రం నా గోంగూర అడిగి మరీ తిన్నారు.

పిడుగురాళ్ల దగ్గర ఒక క్వారీలో తీసిన రాయి ఓసారి అద్భుతమైన ఫలితం ఇచ్చింది. పెద్ద సభలో చదవడానికి వ్యాసం పంపేశారు. అంతలో ఆవిడకే అనుమానం వచ్చింది, క్వారీలో పేల్చే మందులో డీజిల్ కలుపుతారు కదా అని. మళ్లీ పరీక్ష చేయిస్తే రాతి పగుళ్ల నిండా డీజిలే. మేం గోల పెట్టినా వినకుండా వ్యాసం వెనక్కి తీసేసుకున్నారు. "రాయి అబద్ధం చెప్పలేదే. మనమే దాని నోట్లో డీజిల్ పోశాం," అన్నారు. మా మొహాలు చూసి బజ్జీలు తెప్పించారు. "తినండర్రా, ఇవాళ నూనె తినొచ్చు!"

ఈసారి వానలకు మాచవరం అవతల వాగు గట్టు కోసుకుపోయి, లోపలి నల్లరాయి కొత్తగా బయటపడింది. మేడమ్ మోకాళ్ల నొప్పులతోనే వచ్చి గట్టున కూర్చున్నారు. సుత్తి నా చేతికిచ్చారు. కొట్టిన ముక్కల్ని, జిడ్డంతా పోయేలా ల్యాబ్ కొలిమిలో వేడి చేసి తెచ్చిన పల్చటి అల్యూమినియం రేకులో తనే చుట్టారు. ఒక ముక్కను ఇంట్లోనే మైక్రోస్కోప్‌లో చూసి ఫోన్ చేశారు: "మొదటి సాక్షి వచ్చేసిందే! చానా బాగున్నయ్యి." రెండో సాక్షి కోసం ఇంకో ముక్క హైదరాబాద్ ల్యాబ్‌కి వెళ్లాలి, అప్పటికింకా తేదీ రాలేదు. "ఈసారీ తేలకపోతే?" అన్నాను. "ఇంకొకళ్లు తేలుస్తార్లే. ముక్క శుభ్రంగా ఉంది, నాకది చాలు," అన్నారు. ఆ గొంతులో దిగులు లేదు. ఆవిడ వెళ్లిపోయాక నాకు ధైర్యమిస్తున్నది ఆ మాటే.

పెద్దకర్మ నాడు వెళ్లాను. ల్యాబ్ వాళ్లు తేదీ ఇచ్చారు, ముక్కను నేనే తీసుకెళ్లాలి. ఆ పొద్దున తలకు నూనె పెట్టుకోలేదు. హాల్లో ఆవిడ ఫొటో, దండ, ముందు దీపం. పక్కనే రేకులో చుట్టిన రాయి. ఎవరో పెద్దావిడ దీపంలో నూనె పోయడానికి వంగింది. బాబాయి గారు గబుక్కున లేచి, కుందిని రెండు చేతులతో పట్టుకుని అవతలికి జరిపారు.

"ఇటు పొయ్యమ్మా, ఇటు. అటు చిందిందంటే మా ఆవిడ ఊరుకోదు," అన్నారు.

వెలుగు ఫొటో మీద కాస్త తగ్గింది. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని, వాసన చూసుకుని, మళ్లీ తుడుచుకున్నారు.

"రాయి నువ్వే తియ్యి అమ్మాయ్," అన్నారు నాతో.