ఎడమవైపు తెగిన బొమ్మ

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ బల్ల. కుట్టి వచ్చిన ప్రతి చొక్కానూ తిరగేసి, లోపలి కుట్టు లాగి, గుండీ కదిలించి, కాలరు కొసలు రెండూ జతచేసి చూడటం పని. లైన్లో వాళ్ళు ఆమెకు భూతద్దం అని పేరు పెట్టారు. ఎదురుగా అనరు గానీ ఆ పేరు ఆమెకు తెలియకపోలేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషికి వెనకాల గుసగుసలు వినపడవా!

ఇంట్లోనూ అంతే. పాలు కొంచెం పలచగా ఉంటే పాలవాడి మీద అనుమానం, మొగుడు కొంచెం ముందుగా ఇంటికొస్తే మొగుడి మీద అనుమానం. "మా ఆవిడ ముందు నవ్వినా లోపలి కుట్టు చూస్తుంది" అని అతను స్నేహితుల దగ్గర చెప్పుకుని నవ్వేవాడు. అతను ఒక గోడౌన్లో పార్సిళ్ళు సర్దించే సూపర్‌వైజరు. ఇంట్లో మూడో మనిషి మామగారు. జన్మంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తన పాత స్కూటర్ మీద వచ్చి కోడల్ని ఎక్కించుకుని తీసుకొస్తాడు. ఎవరు వద్దన్నా వినడు. "స్టీరింగ్ పట్టిన చెయ్యి ఊరుకోదమ్మాయ్" అనేవాడు.

ఒక ఆదివారం మొగుడు చంకలో నల్లటి పెట్టె పెట్టుకుని ఇంటికొచ్చాడు. గేమ్ కన్సోలట. గోడౌన్లో ఎవరో కొత్తది కొనుక్కుని పాతది ఇతనికి ఇచ్చేశాడు.

"ఊరికే ఎవడిస్తాడండీ? పాడైపోయి ఉంటుంది" అంది భూతద్దం.

టీవీకి తగిలిస్తే ఆమె మాటే నిజమైనట్టు కనపడింది. తెర నల్లగా ఉండిపోయి, సిగ్నల్ లేదన్న ముక్క అటూ ఇటూ తిరిగింది. మొగుడు వైరు ఒక రంధ్రంలోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టాడు. లాభం లేదు. చివరికి పెట్టె ఇచ్చినవాడికి ఫోన్ చేస్తే గుట్టు తెలిసింది. వాడి ఇంట్లో ఉన్నది పెద్ద కొత్త టీవీ. పెట్టెను దానికి తగ్గ రిజల్యూషన్‌లో వదిలేశాడు. అంత సన్నటి బొమ్మ ఈ పాత టీవీ చూపించలేదు. పవర్ బటన్ రెండోసారి కూత వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే పెట్టె సేఫ్ మోడ్‌లో, ఏ టీవీకైనా సరిపడే బొమ్మతో, లేచింది. అందులో రిజల్యూషన్ తగ్గించగానే తెర మీద రంగులు విచ్చుకున్నాయి. శబ్దం మాత్రం రాలేదు. గది చుట్టూ స్పీకర్లు పెట్టుకునేవాళ్ళ కోసం సర్దిన పద్ధతిని మామూలు టీవీ పద్ధతికి మార్చాక అదీ వచ్చింది. మామగారు కుర్చీలో ముందుకు వంగి ఇదంతా చూశాడు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అన్నిటికీ అడ్డు తగిలే మనిషి ఇంత మౌనంగా ఎందుకున్నాడా అని భూతద్దం మనసులో ఒక గుర్తు పెట్టుకుంది.

కొన్ని వారాలకు అసలు చిక్కు మొదలైంది. సాయంత్రం ఆమె వార్తలు పెడితే చదివేవాడి నోరు ఆడుతోంది, మాట వినపడదు. రిమోట్‌లో వెతికితే శబ్దం టీవీ స్పీకర్‌కు కాకుండా హెడ్‌ఫోన్స్‌కు వెళ్తున్నట్టు పెట్టి ఉంది. ఆ వైరు లేని హెడ్‌ఫోన్స్ మొగుడివి. మార్చింది. మర్నాడు మళ్ళీ అదే వరస. పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది.

"మధ్యాహ్నం ఇంటికొచ్చారా?" అని అడిగింది మొగుణ్ణి.

"నేనా? లారీలు దింపించేసరికి అన్నం తినడానికే తీరలేదు."

"మరి పెట్టెకు జ్వరమొచ్చిందా?"

"నన్నెందుకే అనుమానిస్తావు? నాన్నను అడుగు."

మామగారు పేపరులోంచి తల ఎత్తకుండానే, "నాకా మీటలన్నీ ఏం తెలుస్తాయమ్మాయ్" అన్నాడు. అడగకముందే ఇచ్చిన జవాబది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుందని భూతద్దం అనుకుంది. కానీ ఆ వయసు మనిషి బొమ్మలాట ఆడటమేమిటన్న ఆలోచన ఆమెకు మింగుడు పడలేదు. అనుమానం మళ్ళీ మొగుడి మీదికే పోయింది. ఉద్యోగం ఊడి, చెప్పకుండా దాస్తున్నాడేమోనని గోడౌన్‌కు ఏదో వంకతో ఫోన్ కూడా చేసింది. అతనే ఎత్తాడు. ఉల్లిపాయలు తెమ్మని చెప్పి పెట్టేసింది.

ఆ వారంలోనే మామగారు కొత్త ఫిర్యాదు మొదలుపెట్టాడు. "టీవీలో ఎడమవైపు బొమ్మ తెగిపోతోందిరా. ఆ పెట్టె వచ్చిన దగ్గర్నుంచే ఈ రోగం" అని కొడుకుతో అన్నాడు.

టీవీ మెకానిక్‌ను పిలిచారు. అతను సైజు సెట్టింగ్ మార్చాడు, రిజల్యూషన్ ఒక మెట్టు దించాడు, మళ్ళీ ఎక్కించాడు. ఆఖరికి గేమ్ పెట్టెలో తెర కొలత సరిచూసే బొమ్మ తెరిచాడు. నాలుగు మూలలా నాలుగు బాణాలు.

"నాలుగూ కనపడుతున్నాయా పెద్దాయనా?"

"రెండే. కుడివైపువే."

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "ఇదిగో, ఈ మూల చూడండి" అని ఎడమ మూలన వేలు పెట్టాడు. మామగారు తల అటు తిప్పి, "ఆఁ, వచ్చింది! చూశావా, వచ్చి పోతోంది. లూజు కనెక్షన్!" అన్నాడు గెలిచినవాడిలా.

"అయితే వైరు మార్చాల్సిందే" అన్నాడు మెకానిక్.

భూతద్దం అతన్ని ఎగాదిగా చూసింది. ఆమెకు నాలుగు బాణాలూ మొదటినుంచీ చెక్కుచెదరకుండా కనపడుతున్నాయి. వైరు అమ్ముకోవడానికి ఇతను తలాడిస్తున్నాడా? కొత్త టీవీ కోసం మామగారు ఎత్తు వేస్తున్నాడా? ఇద్దరికీ ముందే మాటలయ్యాయా? కొత్త వైరు వచ్చింది. మామగారికి ఎడమవైపు మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం స్కూటర్ మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎడమవైపు నుంచి ఆటో ఒకటి దాదాపు ఆమె మోకాలికి తగిలేంత దగ్గరగా వచ్చి, కీచుమని ఆగింది. మామగారు బండి ఆపి ఆటోవాణ్ణి కడిగి పారేశాడు. కోడలు కూడా ఆయనకు వత్తాసు పలికింది. ఆటోవాడు చేతులు తిప్పుతూ, "హారన్ కొట్టుకుంటూ వస్తున్నానండీ! నన్ను చూసి కూడా చూడనట్టే వచ్చేశారు" అన్నాడు. ఆ మాట ఆమెకు చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఒకరోజు ఫ్యాక్టరీలో ట్రాన్స్‌ఫార్మర్ పోయి అందర్నీ మధ్యాహ్నమే పంపేశారు. దొంగను పట్టడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదని భూతద్దం చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, తాళం చప్పుడు కాకుండా తిప్పింది.

మామగారు తెర ముందు కూర్చుని ఉన్నాడు. చెవులకు కొడుకు హెడ్‌ఫోన్స్, చేతుల్లో కంట్రోలర్. తెర మీద బస్సు ముందు అద్దం, అద్దం అవతల వాన పడుతున్న రోడ్డు. ఆయన బస్సు నడుపుతున్నాడు. స్టాపు రాగానే ఆపి, "జాగ్రత్తగా దిగండమ్మా" అని తెరకేసి చెప్పాడు. తర్వాత పక్క అద్దంలో చూసుకుని కదిలించాడు. ఆ గొంతులో ఉన్న హుందాతనం ఆమె ఇంట్లో ఎప్పుడూ వినలేదు. పట్టుకోవాలని వచ్చిన మనిషి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

అలవాటైన కళ్ళు మాత్రం పని మానలేదు. కుడివైపు నుంచి లారీ దూసుకొస్తే ఆయన వెన్నలోంచి వెంట్రుక తీసినంత సులువుగా తప్పించాడు. ఎడమవైపు సైకిల్ వస్తే తిన్నగా గుద్దేశాడు. "వెధవ తెర" అని తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ఎడమవైపు కారు. మళ్ళీ గుద్దాడు. ఆడలేక మద్దెల ఓడు అనడానికి లేదు, కుడివైపు ఆయనది నిజంగా చెయ్యి తిరిగిన పని. ఆమె మెల్లగా వెళ్ళి ఆయన ఎడమ భుజం పక్కనే నిలబడింది. చెయ్యి ఊపింది. ఆయన కదల్లేదు. ఆమె చీర కొంగు ఫ్యాను గాలికి కుర్చీ చేతిమీద పడినా చూడలేదు. చుట్టూ తిరిగి కుడివైపు రాగానే ఉలిక్కిపడి కంట్రోలర్ జారవిడిచాడు.

"అబ్బాయికి చెప్పకమ్మాయ్" అన్నాడు హెడ్‌ఫోన్స్ తీస్తూ. ముఖం కందిపోయింది.

"అది తర్వాత చూద్దాం మామయ్యా. ముందు ఆ బాణాల బొమ్మ పెట్టండి."

తెర మధ్యలోకే చూడమంది. ఒక కన్ను మూయించి అడిగింది, తర్వాత రెండోది. ఏదో ఒక కంట్లో శుక్లం ఉందనే ఆమె లెక్క. కానీ ఏ కన్ను మూసినా ఎడమ బాణాలే పోయాయి. ఇద్దరు టైలర్లు కుట్టిన చొక్కాల్లో ఒకే చోట ఒకే లోపం వస్తే కుట్టినవాళ్ళను అడిగి లాభం ఉండదు. తప్పు అంతకు ముందే, కటింగ్ దగ్గర జరిగి ఉంటుంది. ఈ లోపం కూడా కళ్ళకు వెనకెక్కడో ఉందని ఆమెకు అనిపించింది. వెంటనే మలుపు దగ్గరి ఆటో గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం స్కూటర్ మీద తను కూర్చునేది ఈయన వెనకాలే.

"నాకు పరీక్షలు పెడతావా?" అని మామగారు లేచాడు. "నేను బస్సు నడుపుతుంటే కునుకు తీసిన జనం ఎంతమందో తెలుసా నీకు?"

ఆమె స్కూటర్ తాళం తీసి బ్యాగులో వేసుకుంది.

ఆ సాయంత్రం ఇల్లు అట్టుడికిపోయింది. కోడలు తాళం దొంగిలించిందని మామగారు. ఆట మాట ఎత్తకుండానే చూపు సంగతి చెప్పింది కోడలు. మొగుడు విసుక్కున్నాడు. "నీకు అందరిలోనూ లోపమే కనపడుతుంది. ఇప్పుడు నాన్న మిగిలాడా?"

"అవునండీ, కనపడుతుంది. అందుకే జీతమిస్తున్నారు నాకు. మీరొకసారి ఆయనకు ఎడమవైపు నిలబడి మంచినీళ్ళ గ్లాసు ఇవ్వండి."

అతను ఇచ్చాడు, కేవలం ఆమె నోరు మూయించడానికి. గ్లాసు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "నీళ్ళేవిరా?" అన్నాడు మామగారు, తిన్నగా ముందుకు చూస్తూ. మొగుడు పెళ్ళాం ముఖంలోకి చూశాడు. మర్నాడే తండ్రిని కళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

కళ్ళ డాక్టరు కళ్ళు బాగానే ఉన్నాయని తేల్చి, తలకు స్కానింగ్ రాసింది. మెదడు వెనక భాగంలో చిన్న రక్తనాళం పూడుకుపోయిందని, రెండు కళ్ళకూ ఎడమవైపు చూపు పోయింది అందుకేనని అందులో బయటపడింది. "ఈమధ్య ఎప్పుడైనా బాగా తలనొప్పి వచ్చిందా?" అని పెద్దాసుపత్రి డాక్టరు అడిగితే, మామగారు ఒకరోజు తల పగిలిపోతే మాత్ర వేసుకుని పడుకున్నానని ఒప్పుకున్నాడు. పోయిన చూపు తిరిగి వస్తుందన్న నమ్మకం లేదని, మళ్ళీ అలా పూడుకుపోకుండా మందులు వాడాలని డాక్టరు చెప్పాడు. తల ఎడమవైపు తిప్పి చూసుకోవడం అలవాటు చేసుకోవాలట. బండి మాత్రం ఇక ముట్టకూడదు.

మామగారు కోడలితో చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె పెట్టిన మందులు మాత్రం వేసుకునేవాడు, ముందు చీటీతో సరిచూసుకుని. తన మీద ఒకరు అనుమానపడటం ఎలా ఉంటుందో భూతద్దానికి అప్పుడు తెలిసింది. అయినా ఆయన మాత్ర నాలుక కింద దాస్తున్నాడేమోనని, నీళ్ళు తాగేదాకా ఆమె అక్కడినుంచి కదిలేది కాదు.

ఒక సెలవురోజు మొగుడు తండ్రి కుర్చీని గదిలో తిప్పి వేశాడు, గుమ్మం కుడివైపు పడేలా. వచ్చేవాళ్ళు కనపడతారని. మామగారు కాసేపు అందులో కూర్చుని చూసి, కోడల్ని పిలిచాడు.

"అమ్మాయ్, ఆ పెట్టె పెట్టు. చెవులకు ఆ డిప్పలొద్దు, శబ్దం టీవీకే ఇయ్యి."

"ఎందుకు మామయ్యా?"

"ఎడమవైపు ఏదొచ్చినా నువ్వు అరవాలి. డాక్టరు తల తిప్పమన్నాడుగా. నేను తిప్పుతున్నానో లేదో నీకన్నా బాగా కనిపెట్టేవాళ్ళెవరు?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. బస్సు కదిలింది.

"సైకిల్" అంది.

"చూశానులే" అన్నాడు మామగారు.

నిజంగా చూశాడో, తను అన్నాక చూశాడో ఆమెకు నమ్మకం కుదరలేదు. తర్వాతి మలుపులో కావాలనే నోరు మెదపకుండా ఆయన మెడకేసి చూస్తూ కూర్చుంది.