ఒడిబియ్యంలో వడిసెల రాయి

పోయిన నెల మా మనుమరాలికి ఒడిబియ్యం పోసి అత్తవారింటికి సాగనంపిన మూడో రోజు పొద్దున్నే, భువనగిరి నుంచి దాని అత్తగారు ఫోన్ చేసింది. మర్యాద తెలిసిన మనిషి కనుక పిల్లలు బాగున్నారా, వానలు పడ్డాయా, నా మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి అని అన్నీ అడిగి, చివరికి అసలు సంగతి బయటపెట్టింది. ఒడిబియ్యం వండుదామని చాటలో పోస్తే అందులో నిమ్మకాయంత రాయి వచ్చిందట, ఈ రోజుల్లో మిల్లు బియ్యంలో కూడా ఇంత రాళ్లు వస్తున్నాయా అని ఆమెకు ఆశ్చర్యమట. ఆశ్చర్యమని పేరే గానీ, మీ ఇంట్లో బియ్యం ఏరే దిక్కే లేదా అని ఆమె అడుగుతున్నదని ఎనభై దాటిన నాకు తెలియదా! ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత నవ్వు వచ్చింది. ఎందుకంటే ఆ రాయి బియ్యంతో వచ్చింది కాదు, నా చేత్తో నేనే దాని ఒడిలో వేశాను. పైగా ఇదే మాట డెబ్బై ఏళ్ల కిందట మా అత్తగారి నోట నేను నిలబడి విన్నదాన్ని.

మన ఈడు వాళ్లకు ఒడిబియ్యం గురించి చెప్పనక్కర లేదు. పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ పెట్టి పంపుతారు, అత్తవారింట ఆ బియ్యం వండి చుట్టాలందరికీ పెడతారు. తిరుమలగిరి పక్కన మా ఊళ్లో ఆ రోజుల్లో రోజూ తినేది జొన్నరొట్టె, జొన్నగట్క. తెల్లన్నం పండుగనాటి మాట. అందుకని ఆ బియ్యాన్ని ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని మూడుసార్లు ఏరేవాళ్లు. అలా ఏరిన బియ్యం మీద మా అవ్వ, అంటే మా బాపును కన్నతల్లి, ఒక గుండ్రాయి తెచ్చి పెట్టేది. వాగులో ఏరి తెచ్చిన, వడిసెలలో పెట్టి విసిరే రాయి అది. మా ఇంటి ఆడపిల్ల ఉట్టి చేతులతో ఎక్కడికీ పోదని ఆమె పట్టుదల. ఊళ్లో ఇంకే ఇంట్లోనూ ఈ ఆచారం లేదు, మా ఇంట్లో కూడా కళ్లం గొడవ జరిగిన నాటి నుంచే మొదలైంది.

ఆ గొడవ నాటికి నాకు అయిదారేళ్లు. ఆ వారమంతా నేను మర్రిగూడలో మా మేనత్త ఇంట్లో ఉన్నాను కనుక నా కళ్లతో చూసింది ఏమీ లేదు, అంతా అవ్వ నోటి నుంచి విన్నదే. ఆమె ఎన్నిసార్లు చెప్పిందంటే నేనే అక్కడ ఉన్నానేమో అనిపించేటంతగా విన్నాను. సర్కారుకు కట్టాల్సిన గింజల లెవీ పేరు చెప్పి మా కళ్లంలోని జొన్నలు ఎత్తుకుపోవడానికి దొర మనుషులు ఏడుగురు రెండు బండ్లు కట్టుకుని వచ్చారట. మగవాళ్లు దొరలకు ఎదురు తిరిగిన సంఘం పని మీద ఊరు విడిచి ఉన్నారు. అవ్వ పది మంది ఆడవాళ్లను కూడగట్టుకుని, చేలో మంచె మీద పిట్టలను కొట్టే వడిసెలలే పట్టుకుని, కారం మూటలు కొంగున కట్టుకుని గడ్డివాము వెనక నిలబడింది. ఆమెది ఎడమచేతి వాటం. చిన్నప్పటి నుంచి జొన్నచేలు కాసిన చెయ్యి, పిట్ట కన్ను ఎక్కడుందో చూసి కొట్టగలదని పేరు. రాళ్లు లేచేసరికి ఏడుగురికి ఏడుగురూ బండ్లు వదిలి ఉరికారని, ఒక్కడి చెప్పులు కళ్లంలోనే ఉండిపోయాయని అవ్వ చెబుతుంటే వినేవాళ్ల ఛాతీలు పొంగేవి. మా ఊరికి అదే పెద్ద ఆస్తి. ఇప్పటికీ తలుచుకుంటే నా వీపు నిటారు అవుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

తర్వాత రజాకార్ల భయం, ఆ తర్వాత పోలీసు యాక్షన్. మిలిట్రీ లారీలు వచ్చిన రోజు మా ఊళ్లో పసుపు కుంకుమలు చల్లుకున్నారు, ఇక కష్టాలు తీరాయనుకున్నారు. కొన్నాళ్లకే ఆ లారీలు సంఘం వాళ్లను వెతుక్కుంటూ మళ్లీ వచ్చాయి, మా బాపును పట్టుకుపోయి జైల్లో పెట్టాయి. ఆయన తిరిగి వచ్చేసరికి చెంపల్లో మాంసం లేదు, కానీ గొంతు తగ్గలేదు. ఇలాంటి ఇంట్లో పెరిగిన నేను, నల్లగొండ జిల్లాలో పుట్టనివాళ్లకు ధైర్యమంటే ఏమిటో తెలియదని గట్టిగా నమ్మినదాన్ని.

అంత గర్వం మూటగట్టుకుని పదహారేళ్లకు పాలమూరు కోడలినయ్యాను. సంబంధం కుదిర్చి, తన ఇంటి ముందే పెళ్లి చేయించింది మర్రిగూడ మేనత్తే. కల్వకుర్తి దాటాక, వాన పడితేనే పంట పండే ఊరు మా అత్తవారిది. అక్కడ పోలీసు యాక్షన్ అంటే ఎవరికీ సంఘం గుర్తుకు రాదు. కరువుకు ఊరు వదిలి ఎక్కడెక్కడి గడీలలోనో కొలువుకు పోయిన మగవాళ్లు కాలినడకన ఇళ్లకు వచ్చిన ఏడు అని చెప్పుకుంటారు. దొరలు కూడా తమ ఊరివాళ్ల మీద నమ్మకం లేక ఇలా దూరపు మనుషులనే తెచ్చిపెట్టుకునేవాళ్లు. మా మామ కూడా అలా వచ్చినవాడే. మాట తక్కువ మనిషి, ఎడ్లను మాత్రం పిల్లల్లా చూసుకునేవాడు. ఆయన నొసటి మీద కుడి కనుబొమ పైన బొటనవేలు పట్టేంత గుంట ఉండేది. కొలువు చేసిన చోట గొడవ జరిగితే ఉరుకుతూ బండి నొగకు కొట్టుకుని పడ్డాడని ఆయన అన్న, అంటే మా పెద్దమామ, నలుగురిలో చెప్పి నవ్వించేవాడు, అది ఏ ఊళ్లోనో మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. ఎడ్లు బెదిరి పరుగు పెడితే చాలు, మా తమ్ముని లెక్క ఉరుకుతున్నయి అనేవాడు. మా మామ నవ్వేవాడు కాదు, లేచి అవతలికి పోయేవాడు. కాదని చెప్పినా ఎవరు నమ్ముతారు? ఆయన కంటే ముందు ఊరు చేరినవాళ్లు చెప్పిన మాటే ఊళ్లో నిలిచిపోయింది.

పెళ్లయిన ఏడు పుట్టింటి నుంచి నా మొదటి ఒడిబియ్యం తీసుకుని వచ్చాను. మా అత్తగారు బియ్యం చాటలో పోసి, రాయి చూసి, చుట్టాలందరి ముందు అడిగింది, మీ ఇంట్ల చాటలు లేవా, జల్లెడలు లేవా అని. నేను సిగ్గుతో చచ్చిపోయి, అది వడిసెల రాయని, మా అవ్వ పెట్టిందని, మా ఇంటి ఆచారమని గబగబా చెప్పేశాను. అరుగు మీద కూర్చున్న మా మామ లోపలికి వచ్చి ఆ రాయిని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. రెండో చెయ్యి తనంతట తానే నొసటి గుంట మీదికి పోయింది. మీ అవ్వ ఎడమ చేత్తో వడిసెల తిప్పుతదా అని అడిగాడు. తిప్పుతుందన్నాను. అన్నాక గానీ నాకు తట్టలేదు, ఆ గుంట మా అవ్వ రాయి చేసిందని. ఈ ఇంటి పెద్ద తల పగలగొట్టిన ఇంటి పిల్లను నేను, రేపు పొద్దున నన్ను బస్సెక్కించి పంపేస్తారు అనుకున్నాను.

ఆయనకు కోపం రాలేదు. ఎండిపోయిన నేల మీద వాన పడ్డట్టు ఆయన ముఖం మారింది. నన్ను దొడ్డి దగ్గరికి పిలిచి, ఎడ్లకు గడ్డి వేస్తూ, నా వంక చూడకుండానే చెప్పాడు.

"నేను ఉరకలే బిడ్డా. ఎడ్లు బండికి కట్టి ఉన్నయి, రాళ్లు తాకితే బెదిరి కాళ్లు ఇరగ్గొట్టుకుంటయని కాడి ఇప్పుతున్న. మీ అవ్వ నన్ను చూసింది. గా సంగతి ఎరుక ఉన్న మనిషి ఆమె ఒక్కతే. జర అడుగు."

బతుకమ్మకు పుట్టింటికి పోయినప్పుడు అడిగాను. అవ్వ రొట్టె తిప్పుతూ, అందరూ ఉరికారు, ఊరంతా అదే చెబుతుంది అన్నది. నేను వదలలేదు, ఎడ్ల కాడి విప్పుతున్న మనిషిని చూశావా లేదా అని నిలదీశాను. ఆమె ముఖం గంటు పెట్టుకుంది. నీ బాపు జైల్లో మెతుకులు లెక్కబెట్టుకుని తిన్నాడు, దొర గడీలో బువ్వ తిన్నవాడి కోసం మన ఊరి మాట మార్చమంటావా అని అడిగింది. అప్పటికి నాకు అర్థమైంది, ఆమె చూసింది. చూసి కూడా చెప్పడం లేదు. ఏడుగురూ ఉరికిన కథలో ఒకడు నిలబడ్డాడంటే ఊరి గొప్ప ఎక్కడ తగ్గిపోతుందో అని ఆమె భయం. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ పూట అన్నం ముట్టలేదు.  అత్తవారింటికి తిరిగి వచ్చాక మా మామ నా ముఖం చూసే తెలుసుకుని, ఎడ్లను తోలుకుని బావి దగ్గరికి పోయాడు. 

మరుసటి ఏడు నాకు తొలిచూలు కొడుకు పుట్టాడు, పుట్టింట్లోనే. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసే వేడుకకు పాలమూరు నుంచి మా మామ, పెద్దమామ, చుట్టాలు రెండు బండ్లలో దిగారు. పందిట్లో మా ఊరివాళ్లు, ఆ ఊరివాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మాటల్లో ఎవరో కళ్లం గొడవ ఎత్తారు, మా వాళ్లు ఏడుగురినీ మళ్లీ ఉరికించారు. పెద్దమామ ఊరుకుంటాడా, తన పాత పాట అందుకున్నాడు, రెండు ఊళ్లూ కలిసి నవ్వాయి. మా మామ తల దించుకుని తుండుగుడ్డ మడత పెడుతున్నాడు. నేను లోపల గడప దగ్గర నిలబడి, దేవుడా, ఈ నా కొడుకు కూడా రేపు ఈ మాట వింటూ పెరగాలా అనుకున్నాను.

అవ్వ ఒడిలో బిడ్డతో కూర్చుని ఉంది. మెల్లగా లేచి, పందిరి నడుమకు వచ్చి, బిడ్డను మా మామ చేతుల్లో పెట్టింది. పెట్టి, తన ఎడమచేతి వేలు ఆయన నొసటి గుంట మీద ఆనించింది. 

"గిది నా రాయి. ఎన్కకు మర్లి ఉరికినోనికి నొసలు మీద తాకుతదా? ఆరుగురు ఉరికిన్రు. గీ అయ్య ఉరకలే. ఎడ్ల కాడి ఇప్పుకుంట నిలబడ్డడు. నేను చూసి గూడ కొట్టిన. గీ మాట చెప్పనీకి నాకు గిన్నేండ్లు పట్టింది."

మా బాపు లేచి వచ్చి మా మామ పక్కన కూర్చున్నాడు. పెద్దమామ ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎడ్ల మీద ఆ మాట అనలేదు. మా మామ బిడ్డను చూస్తూ ఏడ్చాడు, అందరి ముందూ, ముఖం దాచుకోకుండా. నేను తిరిగి పోయేటప్పుడు అవ్వ ఒడిబియ్యం పోస్తూ రాయి చేతిలో పట్టుకుని ఆగింది. వేయనా వద్దా అన్నట్టు మా మామ వైపు చూసింది. వేయమని, ఇప్పుడు మా వాళ్లకు రాయి లేని బియ్యం రుచించవని ఆయన అన్నాడు. ఆయన వేళాకోళం ఆడటం నేను వినడం అదే మొదలు. అప్పటి నుంచి అవ్వ కళ్లం కథ ఆరుగురితోనే చెప్పేది, ఏడోవాడి దగ్గరికి వచ్చేసరికి గొంతు ఇంకాస్త పెంచేది.

ఇప్పుడు ఆ కళ్లం లేదు, వడిసెల పట్టడం తెలిసిన చెయ్యి మా వంశంలో ఇంకొకటి లేదు. ఆ రోజుల గురించి మాట్లాడేవాళ్లకు మాత్రం కరువు లేదు. ఫోన్లలో, మీటింగుల్లో, మా వాళ్లే వీరులని ఒకరు, మా తాతలే మంచివాళ్లని ఇంకొకరు గట్టిగా చెబుతుంటారు. నా ఊరి కథ నేను కూడా గట్టిగానే చెబుతాను, అందులో నాకు మొహమాటం లేదు. కానీ తన రాయి తగిలిన మనిషి పక్కన నిలబడి, తన ఊరివాళ్ల ముందే, ఇతను ఉరకలేదని చెప్పే మనిషి ఈ కాలంలో ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటుంటాను.

మొన్న సాయంత్రం మనుమరాలే ఫోన్ చేసింది. రాయిని దాని అత్తగారు గేటు అవతల పారేస్తే వెతికి తెచ్చుకున్నదట. కథంతా చెప్పించుకుని, మనం ఎవరి వైపు నాయనమ్మా, కొట్టినోళ్ల వైపా దెబ్బ తిన్నోళ్ల వైపా అని అడిగింది. ఆ చెయ్యీ మనదే, ఆ నొసలూ మనదే అన్నాను.  అప్పుడది, రాయిని దేవుని అర్రలో పటాల ముందు పెట్టానని, అత్తమ్మకు తానే చెబుతానని అన్నది. చెప్పేటప్పుడు ఎడ్ల సంగతి మరిచిపోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.