ఇటుకలో కప్ప

ఆ రోజుల్లో మా పుంగనూరులో ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయని పేరు తెచ్చుకోవడానికి ఇంగ్లీషు అంతగా రానక్కర్లేదు. మదనపల్లెకు మూడేళ్ళు బస్సులో పోయివచ్చి, ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. ప్యాసై, లావుపాటి నిఘంటువు చంకలో పెట్టుకుని వీధిలో నాలుగుసార్లు కనిపిస్తే చాలు. తొంభైల చివరి మాట ఇది. నేను ఆ మూడు పనులూ చేశాను, మూడోది కాస్త ఎక్కువగానే చేశాను. దాంతో వీధిలో ఎవరికి మందు సీసా వచ్చినా మా ఇంటికే తెచ్చేవాళ్ళు. నేను దాన్ని వెలుతురుకు పట్టుకుని, కనుబొమలు ముడిచి, కాసేపాగి, "రోజుకు మూడుసార్లు, అన్నం తిన్న తర్వాత" అని చెప్పేదాన్ని. (చాలా సీసాల మీద అదే ఉంటుందన్న సంగతి వాళ్ళకు తెలియదు, నేను చెప్పలేదు.)

బి.ఎడ్. సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఆ ఎండాకాలంలో ఒకరోజు మా ఫారాల మామ వచ్చాడు. ఆయన మా అమ్మకు తమ్ముడు. ఊళ్ళో ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా నింపిపెట్టేవాడు గనక ఆ పేరు. వచ్చీ రాగానే సంగతి చెప్పేశాడు. "పాపా, కుప్పంలో పెద్ద కాలేజీ కడతాండారు. రెండు మూడేండ్లు పని ఉంటాది. ఆడ ఇంజినీరు కలకత్తా ఆయన, తెలుగు రాదు, అరవం రాదు. సామాన్ల పేర్లు ఇంగిలీసులో తెలిసిన మేస్త్రీలనే తీసుకుంటాడంట. మనోళ్ళు ఎనిమిదిమంది ఉండారు. నువ్వు ఒక నెల సెప్తే సాలు." ఆ ఏడు వానల్లేక సోమల దిక్కు పల్లెల్లో ఒక్క పునాది కూడా పడలేదు. ఆ ఎనిమిదిమందీ ఊళ్ళో పగిలిన అరుగులకు పూతలు పూసుకుంటూ కాలం నెట్టుకొస్తున్నారు. కుప్పం పని దొరక్కపోతే సంసారాలు ఎత్తుకుని బెంగుళూరు పోవాల్సిందే. ఇదంతా మామ చెబుతుంటే నాకు జాలి వేసిన మాట నిజమే గానీ, అంతకన్నా ముందు, నన్ను పాఠం చెప్పమని అడిగారన్న సంతోషం తలకెక్కింది. సిమెంటును నేను దూరం నుంచి తప్ప చూసి ఎరగనన్న విషయం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మా నాయన చిల్లరంగడి వెనక గోడౌన్లో వేరుశనక్కాయల మూటలు ఒక పక్కకు నెట్టి, పాత తలుపు ఒకదానికి నల్లరంగు పూసి గోడకు కొట్టించుకున్నాను. పొద్దున ఆరింటికి క్లాసు. ఎనిమిదిమందీ తలకు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చి మూటల మీద కూర్చున్నారు. అందరికన్నా పెద్దాయన, ఏభై అయిదేళ్ళుంటాయేమో, కూర్చోకుండా నిలబడి బోర్డునే చూస్తున్నాడు. "అమ్మా, నీ బోర్డు ఎడమపక్కకు అర అంగుళం వాలి ఉండాది" అన్నాడు. నేను పట్టించుకోనట్టు నటించి, వాళ్ళు వెళ్ళాక స్కేలు పెట్టి కొలిచాను. సరిగ్గా అర అంగుళం. ఎక్కడికి పోయినా ముందు గోడ మట్టం చూసి తర్వాత మనిషి మొహం చూస్తాడు గనక ఆయన్ను అందరూ మట్టం తాత అనేవాళ్ళట. ఇంకొక మనిషి లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చుంది. ఆమె మొగుడు ఆ ఎనిమిదిమందిలో ఒకడు. ఇద్దరూ ఇక్కణ్ణుంచే పనికి పోతారు కాబట్టి తోడు వచ్చింది. కలిపిన సిమెంటును ఇనప బాండ్లీకెత్తి తలమీద మోసే పని ఆమెది, అందుకని బాండ్లీ అక్క. "నీ పేరు మామ రాసిన పట్టీలో లేదే అక్కా" అన్నాను, టీచరమ్మ గొంతుతో. "పేరు లేకుంటే ఏమమ్మా, సెవులుండాయి గదా" అనింది. నేను బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టేశాను.

మొదటిరోజు ఇటుక, ఇసక, నీళ్ళు. బ్రిక్, శాండ్, వాటర్. బ్రహ్మాండంగా నడిచింది. రెండోరోజు మట్టం తాత చెయ్యెత్తినాడు. "అమ్మా, ఇటుక నడిమధ్యలో బట్టీ పేరు అచ్చేసే గుంత ఉంటాది సూడు. దాన్ని ఇంగిలీసులో ఫ్రాగ్ అంటారంట. ఎనకటికి మదనపల్లెలో ఒక ఇంజినీరు సెప్పినాడు." నేను నవ్వాను. మామూలుగా కాదు, మూటల మీద కూర్చున్నవాళ్ళు కూడా నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టేంతగా నవ్వాను. "ఫ్రాగ్ అంటే కప్ప తాతా. ఇటుకలో కప్ప యాడుంటాది? ఆయన నిన్ను ఎగతాళి చేసి ఉంటాడు" అన్నాను. తాత "నువ్వు సదువుకునిందానివి, నువ్వు సెప్తే అంతే" అని కూర్చున్నాడు. ఆ రోజు ఇంటికి పోయి మా అమ్మకు కూడా చెప్పి నవ్వించాను.

మూడోరోజు నుంచి అసలు కష్టం మొదలైంది. సున్నానికి లైమ్ అని రాస్తే, లైమ్ అంటే నిమ్మకాయ గదా అన్నాడొకడు. నిఘంటువు తీస్తే అందులో రెండూ ఉన్నాయి. రెండూ నిజమేనన్నాను. "అట్లయితే ఆ ఇంజినీరు లైమ్ వాటర్ తెమ్మంటే ఏది తేవాలమ్మా, తాగేదా పూసేదా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. మరుసటిరోజు మామ కుప్పం నుంచి రాసుకొచ్చిన సామాన్ల పట్టీ చూసి పదాలన్నీ వరసగా చెప్పాను. నిఘంటువులో మోర్టార్ అన్నచోట మొదటి అర్థం రోలు, రెండోది ఫిరంగి. గోడ కట్టేచోట రోలెందుకని ఫిరంగినే ఎంచుకున్నాను. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే అదనపు సైన్యం పంపడం. అది నాకు రేడియో వార్తల వల్ల ముందే తెలుసు. అగ్రిగేట్ అంటే అన్ని సబ్జెక్టుల మొత్తం మార్కులు, అందులో నాకు అనుభవం ఉంది. గడప దగ్గర్నుంచి బాండ్లీ అక్క నెమ్మదిగా అడిగింది: "అమ్మా, మేము కాలేజీ కట్టేదానికి పోతాండామా, యుద్ధానికి పోతాండామా?"

ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధయింది. నవ్వి ఉంటే నేనూ నవ్వేసి తప్పించుకునేదాన్ని. వాళ్ళు నన్ను నమ్మి, ఫిరంగి అన్న మాటను ఇటుక పెళ్ళతో నేలమీద రాసుకుంటున్నారు. క్లాసు అయిపోయాక అక్క ఒక్కతే ఆగింది. "ఈడ కూర్చోని సెప్తే కాదమ్మా. రేపు మదనపల్లె రోడ్డులో మాకు ఒక గోడ పని ఉండాది, ఆడికి రా. నువ్వు సూస్తే కదా నీకు తెలిసేది, నీకు తెలిస్తే కదా మాకు సెప్పేది" అనింది. తిట్టినట్టు లేదు, పిలిచినట్టే ఉంది. రాత్రంతా సిగ్గుతో నిద్రపట్టక, పొద్దున్నే పోయాను.

ఆ తర్వాత మూడు వారాలు క్లాసు గోడ దగ్గరే. ముందుగా వాళ్ళు నాకు చెప్పేవాళ్ళు, తర్వాత నేను వాళ్ళకు చెప్పేదాన్ని. ఇసకా సిమెంటూ నీళ్ళూ కలిపిన ముద్దను వాళ్ళు మాలు అంటారని, నా ఫిరంగి అదేనని తెలిసింది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే సైన్యం కాదు, కాంక్రీటు లోపల పెట్టే ఇనప కమ్మీలు. అగ్రిగేట్ అంటే మార్కులు కాదు, కంకర. ఇసక అంటే నాకు ఒకటే ఇసక. వాళ్ళకు పూత ఇసక వేరు, గోడ ఇసక వేరు, వంక ఇసక వేరు. కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య నలిపి చెప్పేవాళ్ళు. నన్నూ కళ్ళు మూసుకోమని నలిపించారు. మామ ఎవరో డిప్లొమా చదివే పిల్లవాడి పుస్తకం సంపాదించి తెచ్చాడు. దాన్ని పరీక్ష పుస్తకంలా చదివాను. (ఇటుకల అధ్యాయం ఒక్కటి వదిలేశాను. ఇటుక నాకు మొదటిరోజే వచ్చు గదా.) ఒకసారి కంకర లారీ వచ్చింది. బెంగుళూరు దిక్కునుంచి వచ్చిన ఆ చీటీలో 'జెల్లీ' అని ఇంగ్లీషులో ఉంటే, అయ్యో పాపం అనుకుని ఎర్ర పెన్నుతో అగ్రిగేట్ అని దిద్ది ఇచ్చాను. లారీ డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా దిక్కు కంకరను జల్లి అంటాం మేడం, ఇరవైయేండ్లుగా ఇట్లనే రాస్తాండాం" అన్నాడు. మట్టం తాత అటు తిరిగి దగ్గినాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నెల తిరిగేసరికి వాళ్ళు అడగకుండానే పేర్లు పలికేవాళ్ళు. బాండ్లీ అక్క అయితే తలమీద బరువుతో నడుస్తూనే, దారిలో కనిపించిందానికల్లా పేరు చెప్పుకుంటూ పోయేది.

ఇంజినీరు పరీక్ష పెట్టే రోజు అందరం కలిసి కుప్పం పోయాము. పని జరిగేచోట రేకుల షెడ్డు ముందు సామాన్లన్నీ కుప్పలుగా పోసి ఉన్నాయి. కలకత్తా ఇంజినీరు సన్నగా, తెల్లచొక్కాతో, నవ్వని మనిషి. ఒక్కొక్కర్నీ పిలిచి, కర్రతో చూపించి, "వాట్ ఈజ్ దిస్?" అంటున్నాడు. నేను మామ పక్కన నిలబడి చీరకొంగు మెలిపెడుతున్నాను. మనవాళ్ళు చెబుతున్నారు. మోర్టార్ అన్నారు, అగ్రిగేట్ అన్నారు, లైమ్ అన్నారు. ఒకతనికి మాత్రం కమ్మీల దగ్గర నోరు తిరగలేదు. రీ, రీ అని ఆగిపోయాడు. వెనకనుంచి బాండ్లీ అక్క గొంతు వినిపించింది, "రీఇన్‌ఫోర్స్‌మెంట్" అని. ఇంజినీరు కర్ర దించి, ఎవరన్నట్టు చూశాడు. ఆమెను ముందుకు పిలిచాడు. కర్ర ఎత్తకముందే ఆమె షెడ్డు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఉన్నవన్నీ చెప్పేసింది, ఫైన్ శాండ్, కోర్స్ శాండ్ అని సన్న ఇసక, ముతక ఇసక విడివిడిగా, చివర్లో డ్రమ్ములోని నీళ్ళతో సహా. ఆయన తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

చివర్లో మట్టం తాత వంతు వచ్చింది. ఇంజినీరు ఒక ఇటుక తీసి, దాని నడుమ గుంతలో వేలు పెట్టి అడిగాడు. ఆ గుంత పేరు నేను చెప్పనే లేదు, ఎందుకంటే నాకే తెలియదు. తాత చేతులు కట్టుకుని తెలుగులోనే చెప్పాడు: "ఫ్రాగ్ అని ఎనకట ఒకాయన సెప్పినాడు సార్. మా మేడం కాదనింది. మేడం సదువుకునింది, కాబట్టి అది కాదు." మామ దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేశాడు. (ఫారాలు నింపేవాళ్ళకు ఏదీ వదిలిపెట్టే అలవాటుండదు.) ఇంజినీరు నా వైపు తిరిగి, మరి మీరు దీన్ని ఏమంటారు మేడం అని అడిగాడు. ఎనిమిదిమందీ నా మొహమే చూస్తున్నారు. ఏదో ఒక మాట కల్పించి చెప్పగలను, నాలుకమీదికి వచ్చింది కూడా. కానీ నేను తప్పించుకుంటే పెద్దాయన పని పోతుంది. "ఐ డోంట్ నో సర్" అన్నాను. మూడేళ్ళ బి.ఏ.లో ఎన్నో వాక్యాలు నేర్చుకున్నాను గానీ, నలుగురిలో ఈ వాక్యం పలకడం అదే మొదలు. "ఇట్ ఈజ్ ఫ్రాగ్. ది ఓల్డ్ మ్యాన్ ఈజ్ రైట్" అన్నాడాయన.

నేను తాత దగ్గరికి పోయి అందరి ముందూ చెప్పాను. "నువ్వు చెప్పిందే నిజం తాతా. తప్పు నాది." తాత ఇటుకను ఇంకోసారి చేతిలోకి తీసుకుని, గుంతను చూసి, "నీ తప్పేముందమ్మా. గుంతకు కప్పని పేరు పెట్టినోనిది తప్పు" అన్నాడు. మామ దాన్నీ ఇంగ్లీషులో చెప్పాడు. అప్పుడు నవ్వాడు కలకత్తా ఇంజినీరు, అంతసేపటికి మొదటిసారి.

ఎనిమిదిమందినీ తీసుకున్నారు. పట్టీలో పేరు లేని బాండ్లీ అక్కను సామాన్లిచ్చే షెడ్డులో పెట్టుకున్నారు, పేర్లు తెలిసిన మనిషి అక్కడే ఉండాలని. పేరేమని ఆయన అడిగితే ఆమె ముందు నా వైపు చూసి, తర్వాత గట్టిగా చెప్పింది. నేను షెడ్డులో సిమెంటు మూటలకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను. కళ్ళు తుడుచుకుంటే కొంగు బూడిదరంగు అయింది.

పలమనేరు మీదుగా బస్సు పుంగనూరు చేరేసరికి సాయంత్రమైంది. దిగి చూసుకుంటే చీర వెనకంతా, జడ నిండా సిమెంటే. దులుపుకోబోయి ఆగాను. మా ఇంటికి దగ్గర సందు ఉన్నా, బజారువీధి మొత్తం చుట్టి పోయాను, ఎవరైనా అడుగుతారేమోనని. ఒక్కరూ అడగలేదు. చివరికి అంగడి ముందు మా నాయన తలెత్తి చూసి, "ఏం పాపా, పిండి మిషన్‌కు పొయ్యొస్తాండావా?" అన్నాడు. "పిండి గాదు నాయనా, సిమెంటు" అన్నాను, వీధి చివరిదాకా వినపడేట్టు. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు, "దాన్ని ఇంగిలీసులో ఏమంటారు?" అని. "సిమెంటే" అన్నాను. "అంతేనా? దానికి నెల పట్టిందా?" అన్నాడు.

ఇప్పుడు మదనపల్లెలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్ళు అడిగింది తెలియకపోతే తెలియదనే చెబుతాను, అది ఇప్పుడు సులువుగానే వస్తుంది. చీరలు మాత్రం ఇస్త్రీ నలగకుండా కట్టుకుంటాను, మరక పడితే ఆ పూటంతా మనసు బాగుండదు. ఒక్కోసారి ఆ సాయంత్రం బజారువీధిలో, వీపు నిండా సిమెంటుతో, ఎవరైనా అడగరా అని నెమ్మదిగా నడిచిపోతున్న ఇరవైరెండేళ్ళ పిల్ల కళ్ళముందు కదులుతుంది. ఆమెకు దిద్దాల్సిన తప్పులు చాలానే ఉన్నాయి. కానీ ఎదురుపడితే, చీర దులుపుకోమని మాత్రం చెప్పను.