ఎడమచేతి గోల్ఫ్ కర్రలు

ఆ పొద్దున గద్వాలలో మా ఇంటి మగ్గం గదిలో ఉన్నవాళ్లు ఐదుగురు: నాయన, అమ్మ, వనపర్తి నుంచి వచ్చిన అక్క, బావ, నేను. ఉన్న వస్తువులు: గుంట మగ్గం, దాని మీద సగం నేసిన ఆకుపచ్చ చీర, అమ్మ ముందు రాట్నం, రెండు సూట్‌కేసులు, జిప్పు పోయిన పొడుగాటి సంచి ఒకటి. సంచిలో ఎనిమిది గోల్ఫ్ కర్రలు, పన్నెండు బంతులు, ఒక చేతి తొడుగు. నా జేబులో పద్నాలుగు అంశాల జాబితా. అందులో పదమూడు అంశాలకు టిక్కు పెట్టేశాను. మిగిలింది జిప్పు.

బావ వనపర్తిలో పత్తి విత్తనాలు అమ్ముతాడు. ఆ ఏడు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ చెన్నై నుంచి ఓడలో శ్రీలంక తిప్పి తీసుకొస్తానంది. ఒక్కో డీలరు వెంట మరొకరు రావచ్చు. అక్కకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. "నీళ్ల మీద అన్ని దినాలు నాతోని కాదు. తమ్ముని తోల్కపో," అని తప్పుకుంది.

కానీ నన్ను తీసుకెళ్లడానికి అసలు కారణం అది కాదు. అచ్చంపేట ఏజెన్సీ ఖాళీ అయింది. బావ పుట్టింది అచ్చంపేట పక్క ఊళ్లో. వనపర్తిలో దుకాణం పెట్టి ఎనిమిదేళ్లయినా ఆయన మాటలన్నీ అక్కడి ఎర్ర చల్క నేలల దగ్గరే ఆగుతాయి. ఏజెన్సీ ఎవరికివ్వాలో కంపెనీ పెద్దసారు ఈ ప్రయాణం అయ్యాక తేలుస్తారు. నాగర్‌కర్నూల్ డీలరు ఒకాయన కూడా దాని మీదే కన్నేశాడు. ఆయన మాటకారి. బావ రైతులతో గంటలు మాట్లాడతాడు గానీ, ప్యాంటు మడత నలగని మనిషి ఎదురైతే రెండు ముక్కలు మాట్లాడలేడు.

పెద్దసారుకు గోల్ఫ్ పిచ్చి. లంకలో ఓడ ఆగే రోజున తొమ్మిది గుంతలు ఆడతారట, జోడీ కావాలట. ఆ సంగతి తెలిసి బావ ఫోన్లో అనేశాడు: "మా బామ్మర్ది ఆడుతడు సార్. నేను సంచి మోస్త." అంటే తొమ్మిది గుంతల సేపు పెద్దసారు పక్కన బావ తప్ప మరో డీలరు ఉండడు. నా లెక్కలో రెండుంపావు గంటలు.

నేను ఆడతానన్నది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. హైదరాబాద్ శివారులో ఒక గోల్ఫ్ మైదానానికి స్ప్రింక్లర్ పైపులు వేసే పనిలో ఏడాదిన్నర ఇంజనీరుగా ఉన్నాను. సాయంత్రాలు అక్కడే నేర్చుకున్నాను. నాది ఎడమచేతి వాటం. ఎడమచేతి కర్రల తల మామూలు వాటికి ఎదురువైపు తిరిగి ఉంటుంది. మామూలు కర్రతో ఎడమచేతివాడు కొట్టలేడు. లంక మైదానానికి మెయిల్ రాసి అడిగాను: కిరాయికి కర్రలున్నాయి, ఎడమచేతివి లేవు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా ఎనిమిదింటినీ మోసుకెళ్లక తప్పలేదు.

నాయన సంచి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"గీ కట్టెల కోసమా ఇంత పరేషాను?"

"జిప్పు పోయింది నాయనా. కట్టి ఉంటేనే తీసుకుంటరంట."

"కట్టుడేంది, కుడ్త తియ్యి. నలభై ఏండ్ల సంది చెన్నై సేటుకు చీరెల పార్సిళ్లు కుడుతున్న. ఒక్కటన్న దారి తప్పిందా?"

"చీరెలు వేరే, ఇవి వేరే మామా," అన్నాడు బావ.

"నీ విత్తనాల బస్తాలెక్క పురికోసతోని కుడతనా అల్లుడా? జర చూడు."

ముతక గుడ్డ చుట్టి, దబ్బనంతో అంచు వెంట గొలుసు కుట్టు వేసుకుంటూ పోయాడు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం ఒక్క దారం కూడా తేడా లేదు. చూస్తూ నిలబడితే నా కంగారు కాస్త తగ్గింది. అంతలో అమ్మ పిలిస్తే వంటింట్లోకి వెళ్లి సద్దరొట్టెలు సర్దుకున్నాను. తిరిగి వచ్చేసరికి పని అయిపోయింది. నాయన కుంచె కడిగి, నల్ల సిరా సీసాకు మూత పెడుతున్నాడు. సిరా ఎందుకని నేను అడగలేదు. పద్నాలుగో అంశానికి టిక్కు పెట్టాను.

గద్వాల స్టేషన్ నుంచి చెన్నై దాకా ఆ మూట మా బెర్తుల కింద ఉంది. ఓడరేవులో సామాను ముందే తీసేసుకున్నారు. కర్రలు చేతిలో పట్టుకుని ఎక్కనివ్వరు. గది నంబరు రాసిన కాగితపు ట్యాగు కట్టి ఇస్తే సాయంత్రానికి గది ముందు పెడతారు. సూట్‌కేసులకు పిడి ఉంది గనక ట్యాగు కట్టాను. మూటకు పిడి లేదు. పైకి కనిపిస్తున్న తెల్లటి వైపున పిన్నీసుతో గుచ్చాను. రెండు పిన్నీసులు పెట్టాలనుకుని ఒకటే పెట్టాను. వెనక వరుస పెద్దదిగా ఉంది.

సాయంత్రం ఐదుకు బావ సూట్‌కేసు వచ్చింది. ఆరుకు నాది వచ్చింది. ఏడు దాటినా మూట రాలేదు. ఎనిమిదింటికి కింది అంతస్తు కౌంటరుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్లో చూసి, ఓపికగా చెప్పింది: మా గది పేరున ఎక్కినవి రెండే. మూడోది ఓడ మీద లేదు.

ఓడ అప్పటికే కదిలి మూడు గంటలైంది. ఫోన్లో సిగ్నల్ లేదు.

బావకు చెప్పడానికి వంద అడుగుల నడవాలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. చెప్పాక ఆయన నన్ను తిట్టలేదు. అందుకే ఇంకా భయం వేసింది. మంచం మీద కూర్చుని, "పెద్దసారుకు చెప్పకు. రేపు ఒక్క దినం ఉన్నది కదా, దొర్కుతదేమో," అన్నాడు. నడి సముద్రంలో ఎలా దొరుకుతుందో ఆయనకే తెలియాలి.

మరునాడంతా నీళ్లే. నేను కౌంటరుకు ఐదుసార్లు వెళ్లాను. ఐదోసారి ఆ అమ్మాయి నన్ను దూరం నుంచే చూసి తల అడ్డంగా ఊపింది. నేను కౌంటరులో అడగడం విన్నట్టున్నాడు, టిఫిన్ దగ్గర నాగర్‌కర్నూల్ డీలరు మా బల్ల దగ్గర ఆగాడు.

"ఏంది తమ్మీ, కట్టెలు ఏడబోయినయ్? సముద్రంల ఇడిస్తివా?"

"వస్తయన్నా," అన్నాను.

"చేపలు ఆడుకుంటున్నయేమో చూడు. మీ బావకు చెప్పు, సంచి లేకుంటే నా సూట్‌కేసు మోయమను."

బావ తల వంచి ఇడ్లీ ముక్కలు చేస్తూనే ఉన్నాడు. తినలేదు. ఆ రోజు ఆయన తిన్నది అమ్మ పెట్టిన సద్దరొట్టె సగం, అది కూడా గదిలోకి వచ్చాక.

నేను కాగితం తీసి, మూట పోవడానికి కారణాలు రాశాను. ఒకటి, పిన్నీసు ఊడింది. రెండు, స్కానర్‌లో కర్రలు చూసి ఆపారు. మూడు, ఇంకో గదికి వెళ్లింది. నాలుగు, ఎవరో ఎత్తుకెళ్లారు. ఎడమచేతి కర్రలు ఎత్తుకెళ్లి ఎవరూ బాగుపడరు కాబట్టి నాలుగోది కొట్టేశాను. నాయన సిరా సీసా నాకు గుర్తుకు రాలేదు.

మూడోరోజు పొద్దున లంక రేవు కనిపించగానే ఫోన్ మోగడం మొదలుపెట్టింది. నాయన నుంచి పదకొండు కాల్స్. నేనే చేశాను.

"ఏడున్నవ్‌రా? చెన్నై సేటు నిన్నటి సంది ఫోన్ల మీద ఫోన్లు. 'ఏమయ్యా, ఈసారి చీరెలు ఇనుముతోని నేసినవా?' అని నవ్వుతుండు. నీ కట్టెలు వాళ్ల దుకాణంల ఉన్నయి."

"అక్కడికి ఎట్ల పోయినయి నాయనా?"

"ఎట్లేంది? మూటంటే పేరు రాయాలె కదా. రాసిన. చేయి దాని పని అది చేసింది. సేటు పేరు, గల్లీ, ఫోన్ నంబరు, అన్నీ రాసిన. రేవుల నీ కాగితం రాలిపడ్డదంట. వాళ్లు గుడ్డ మీది నంబరుకు ఫోన్ చేస్తే, సేటు ఆటో పంపి తెప్పిచ్చుకున్నడు."

నేను జేబులోంచి జాబితా తీసి చూసుకున్నాను.

"కోపమా? నేను తప్పు రాయలే బిడ్డా," అన్నాడు, గొంతు తగ్గించి. "రాసిన కాడికే పోయింది."

అది నిజం. నలభై ఏళ్లలో ఆయన కుట్టిన మూటలన్నీ ఎక్కడికి వెళ్లాయో ఇదీ అక్కడికే వెళ్లింది. నేను ట్యాగు గుచ్చిన వైపు కాకుండా రెండో వైపు తిప్పి చూడటం నా పద్నాలుగు అంశాల్లో లేదు.

మెట్ల దగ్గర పెద్దసారు తెల్ల టోపీ పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఆయనది గుంటూరు వైపు. జరిగింది చెప్పాను.

"అయితే ఆట మానేద్దామంటారా?" అన్నారు ఆయన.

"లేదు సార్. కుడిచేతి కర్రలతో ఆడతాను."

"వచ్చా మీకు?"

"రాదు సార్."

ఆయన టోపీ సర్దుకుని, "సరే పదండి, నేనైనా గెలుస్తాను," అన్నారు.

గోల్ఫ్‌లో బంతిని తక్కువ దెబ్బల్లో గుంతలో వేసినవాడిదే గెలుపు. నాకు మొదటి గుంతకు పది దెబ్బలు పట్టాయి. మూడు బంతికి తగలకుండా గాలిలోకే పోయాయి. పెద్దసారు ఐదింటిలో ముగించి, నీడలో నిలబడి గడియారం చూసుకున్నారు. రెండో గుంతకు పదకొండు. ప్రతి తప్పు దెబ్బకూ నాకు వనపర్తిలో అక్క ముఖం కనిపించేది. బావ కిరాయి సంచి మోస్తూ రెండడుగులు వెనకే నడుస్తున్నాడు. ఐదు గుంతలు దాటినా పెద్దసారుతో మాట కలపలేదు. రాత్రంతా గదిలో అద్దం ముందు వల్లించుకున్న మాటలు ఎక్కడ పోయాయో తెలియదు. నాలుగో గుంత దగ్గరే నేను బావ పక్కకు వెళ్లి, "బావా, మాట్లాడు," అన్నాను. "ఏం మాట్లాడాలె? కర్ర అందియ్యమంటే అందిస్తున్న," అన్నాడు.

ఆరో గుంత దగ్గర నేను కొట్టిన బంతి అడ్డంగా పోయి పొదల్లో పడింది. ముగ్గురం వెతకడానికి వెళ్లాం. బావ వంగి చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. కాలితో తట్టి, చెప్పు విప్పి, గుప్పెడు ఎర్రమట్టి తీసి వేళ్ల మధ్య నలిపాడు.

"సార్, ఇది మా దిక్కు చల్కనే," అన్నాడు.

"ఏంటి?"

"అచ్చంపేట దగ్గర గిట్లనే ఉంటది సార్. పైన ఎర్రగ, జానెడు లోపల గులకరాళ్లు. వాన పడ్డ మూడో దినానికే ఆరిపోతది. మీరు పోయినేడు ఆడికి పంపిన రకం నల్లరేగడిది. మొలిచింది గని కాయ పట్టే యాళ్లకు నీళ్లు సాలలే. రైతులు కంపెనీని తిట్టిన్రు. రకం తప్పు కాదు సార్, నేల తప్పు."

పెద్దసారు బంతి సంగతి మరచిపోయారు. "మరి ఏ రకం పంపాలంటావు?"

బావ చెప్పడం మొదలుపెట్టాడు. ఏడో గుంతలోనూ చెప్పాడు. ఎనిమిదో గుంతలో నేను ఇసుకలో ఇరుక్కుని కొడుతూ ఉంటే, వాళ్లిద్దరూ గట్టు మీద కూర్చుని నేల మీద పుల్లతో గీతలు గీస్తున్నారు. నేను తలెత్తి చూస్తే పెద్దసారు చెయ్యి ఊపారు, కానివ్వమని. మామూలుగా రెండుంపావు గంటలు పట్టే ఆట నాలుగు గంటలు నడిచింది.

చివరి గుంత దగ్గర ఆయన బావతో, "ఈ వానాకాలం అచ్చంపేట నువ్వే చూడు. పంట చూసి మిగతాది మాట్లాడదాం," అన్నారు. బావ మట్టి చేతిని ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, నమస్కారం పెట్టాడు.

పెద్దసారు నా చేతిలోంచి స్కోరు కార్డు తీసుకున్నారు. నేను ఒక్క దెబ్బ కూడా దాచలేదు, గాలిలోకి పోయినవాటితో సహా రాశాను. ఆయన కూడి, కింద గీత గీసి, అంకె వేసి ఇచ్చారు.

తొమ్మిది గుంతలకు తొంభై ఏడు.