పప్పుడకని కొళాయి

వంటింట్లో నిలబడి పిడి తిప్పితే నీళ్ళు పడడం ఆ రోజుల్లో ఎంత గొప్పో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. అరవైల చివర్లో, పెళ్ళయిన కొత్తలో, విజయనగరంలో నాలుగు వాటాల ఇంట్లో ఓ వాటాలో మేం కాపరం పెట్టాం. ఎదురింటి నూతి నుంచి ఒకావిడ రోజూ నాలుగు బిందెలు తెచ్చి పోసేది. మూడో నెలలో ఇంటివారు దొడ్లో లోతుగా బోరు తవ్వించి, మోటారు పెట్టి, అన్ని వాటాలకీ కొళాయిలు వేయించారు. ఆ పూటే నేను నీళ్ళావిణ్ణి రేపట్నించి రావద్దన్నాను. (కాస్త మెడ తిప్పే అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) అంతటితో ఊరుకోక, రాజాంలో ఉన్న మా అత్తగారికి రెండు పేజీల ఉత్తరం రాశాను, ఇంట్లోకే నీళ్ళొస్తున్నాయి, వచ్చి నాలుగు రోజులు సుఖపడమని. నేను పీయూసీలో కెమిస్ట్రీ చదివానని గుర్తు చెయ్యడానికి అప్పట్లో ఏ సందూ వదిలేదాన్ని కాదు, ఆ ఉత్తరంలోనూ వదల్లేదు.

ఆవిడ వచ్చేలోపలే కొళాయి గుణం బయటపడింది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, విరిగిన పాలలాంటి తెట్టు తేలుతుంది. తలంటుకుంటే జుట్టు పీచు కట్టేది. మా ఆయన తెల్లచొక్కాలు బూడిదరంగుకి దిగాయి, ఇత్తడి బిందె లోపల సున్నం వేసినట్టు తెల్లటి పొర. వీటన్నిటితో ఎలాగో సర్దుకోవచ్చు, పప్పే ఉడకలేదు. రెండు గంటలు మంట పెట్టినా కందిపప్పు బద్ద బద్దగానే ఉండేది. నీళ్ళావిణ్ణి మళ్ళీ పిలవచ్చు. కానీ ఒకసారి తిప్పిన మెడని మళ్ళీ ఇటు తిప్పడం నాకు చేతకాలేదు. మా ఆయన మాత్రం నోరెత్తకుండా నమిలేవారు.

మా అత్తగారి సంగతి చెప్పాలి. రాజాం చుట్టుపక్కల తెలిసినవాళ్ళింట్లో ఏ పెళ్ళి జరిగినా, గాడిపొయ్యి మీంచి పప్పు డేగిసా దించేముందు ఆవిణ్ణి పిలిచి చూపించేవారు. ఆవిడ రెండు వేళ్ళ మధ్య ఓ బద్ద నలిపి దించమంటేనే దించాలి. అలాంటి మనిషికి నేను ఆ పప్పు వడ్డించాను. ఒక్క ముద్ద తిని, నోట్లోంచి ఓ బద్ద తీసి కంచం అంచున పెట్టారు. నీళ్ళు మంచివి కావత్తా, వీటిలో లవణాలుంటాయి అని నేను పాఠం మొదలెట్టాను.

"నీల్లేటి సేస్తాయే, ఒండినోల్ల సెయ్యి గానీ" అన్నారు, కోపం లేకుండానే.

ఇదివరకు బాగానే వండేదని మా ఆయన చెప్పింది పెళ్ళాన్ని వెనకేసుకు రావడం కింద జమైపోయింది. మూడోరోజున తీర్పు వచ్చింది. ఆదివారం ఆవిడ అన్నగారు, అంటే మా ఆయన మేనమావగారు, భోజనానికి వస్తారు. ఆ తర్వాత నన్ను రాజాం తీసుకుపోయి, కోతలయ్యేదాకా ఉంచుకుని, వంట నేర్పి పంపుతారట. కోతలంటే ఇంకా నాలుగు నెలలు. పెళ్ళయి మూడు నెలలే అయింది, మా ఆయన మొహం నేనింకా తనివితీరా చూడనే లేదు. ఆ రోజంతా పొగ వంకతో వంటింట్లో ఏడ్చాను.

ఆదివారంనాడు నా చదువు ఆదుకుంటుందనుకున్నాను. నీళ్ళ కాఠిన్యం పోవాలంటే బట్టలుతికే సోడా వెయ్యాలని మా పుస్తకంలో ఉంది. ఎంత వెయ్యాలో కూడా ఉండే ఉంటుంది, ఆ పేజీ నేను చదవలేదు. చిటికెడు వెయ్యాల్సిన చోట గుప్పెడు వేశాను. పప్పు అరగంటలో వెన్నలా మెదిగిపోయింది. సంతోషంగా పసుపు వేశాను, పప్పు ఎర్రబడింది. ఇంకాస్త పసుపు వేస్తే సరవుతుందేమోనని వేస్తే అచ్చం పారాణి అయి కూర్చుంది. (పసుపులో సున్నం కలిపి చేసిన పారాణి మూడు నెలల క్రితమే నా కాళ్ళకి పెట్టారు, అయినా నాకు తట్టలేదు.) మావయ్యగారు ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు చూశారు. పెద్దమనిషి, మర్యాదగా పులుసు పోయించుకున్నారు. పులుసులో పులుపు సోడాకి తగలగానే పప్పు బుసబుసా పొంగి, అందరూ చూస్తుండగానే మళ్ళీ పసుపుపచ్చగా మారింది. ఆయన కంచం ఓ జానెడు వెనక్కి జరిపారు, నేను తలుపు వెనక్కి జరిగాను.

మజ్జిగన్నంతో సరిపెట్టుకుని చెయ్యి కడుక్కున్నాక, ఆయన చెల్లెల్ని పిలిచారు. "ఈ పిల్లని తీసికెల్దువు గానీ, ఒకపాలి ఈ నీల్లతో నువ్వొండి సూడే."

అత్తగారు నవ్వి, మర్నాడు పొద్దున్నే కొంగు దోపి పొయ్యి ముందు కూర్చున్నారు. నేను పప్పు ఉడక్కూడదని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. (ఒక కోడలు ఇంత నీచంగా మొక్కుకోగలదని వాళ్ళకి అప్పుడే తెలిసుంటుంది.)

నా మొక్కు ఫలించింది. తొమ్మిదయింది, పదకొండయింది. ఆవిడ కట్టెలు మార్చారు, నూనెచుక్క వేశారు, మూత తీసి ఓ బద్దని వేళ్ళ మధ్య పెట్టి నలిపారు. అది నలగలేదు. మళ్ళీ తీశారు, మళ్ళీ నలిపారు. చివరికి గరిటె కింద పెట్టేశారు.

"నా సెయ్యి పోనాదే అమ్మీ" అన్నారు. "ఇంక నన్నెవులూ పిలవరు." పొయ్యి ఆర్పేసి, ముందుగదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను గెలిచాను. మావయ్యగారికి ఓ కార్డు ముక్క రాస్తే చాలు, రాజాం ప్రయాణం తప్పినట్టే. కానీ ఆ వీపు చూశాక కార్డు తియ్యబుద్ధి కాలేదు. నీళ్ళే అత్తా, నీ చెయ్యి కాదని రెండుసార్లు చెప్పాను. మొదటిరోజు నుంచీ నేను పాడుతున్న పాటే కాబట్టి ఆవిడ చెవిన పెట్టలేదు.

బిందె చంకనెత్తుకుని, పట్టపగలు, వీధంతా చూస్తుండగా ఎదురింటి నూతికి వెళ్ళాను. నేను మాన్పించిన నీళ్ళావిడ అక్కడే ఉంది. చేద అందుకుని తనే తోడి పోసింది, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. గిన్నెలో పప్పు గుట్టుగా పారబోసి, నూతినీళ్ళతో కొత్త పప్పు ఎక్కించాను. మెత్తబడ్డాక అత్తగారిని లేపి, నువ్వు పెట్టిన పప్పే, మిగిలిన సెగకి ఉడికిపోయిందని చెప్పాను. ఆవిడ చేతిలో ఉడికిందంటే తప్పు మళ్ళీ నాదేనని, నాలుగు నెలలు రాజాంలో ఉండాలని తెలిసే చెప్పాను.

ఆవిడ ఓ బద్ద నలిపారు. నలిగింది. వేళ్ళకంటిన రంగుని చూసుకుని, "నేనింకా పసుపెయ్యనేదు గదే" అన్నారు.

ఏ నీళ్ళని అడిగితే ఎదురింటి నూతివని ఒప్పుకున్నాను. ఆవిడ లేచి రెండు కంచాలు పెట్టారు. తర్వాత ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆ పప్పే తిన్నాం, నా కంచంలో నెయ్యి ఆవిడే వేశారు. సాయంత్రం మా ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పారు: "నీ పెల్లానికి పప్పు నేర్పేసినాను. నాతో రానక్కర్నేదు."

రాజాం వెళ్ళి ఊరంతా అదే చెప్పారు. ఇప్పటికీ మా చుట్టాలు నా పప్పు తిని, అత్తగారి దగ్గర నేర్చుకున్న చెయ్యి కదా అంటారు. ప్రతి చిన్నదానికీ నాకు తెలుసు, నాకు తెలుసు అని ఎగిరిపడిన ఆ ఇరవయ్యేళ్ళ పిల్ల, ఆ ఒక్క మాటని మాత్రం ఎవరి దగ్గరా కాదనలేదు. ఆ పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది, నిజం చెప్పినా నొచ్చుకునేవాళ్ళు లేరు. మొన్న ఎవరో అడిగితే, మా అత్తగారే నేర్పారన్నాను. అబద్ధమాడినట్టు అనిపించలేదు.